బీప్ బీప్... ఇంతకీ ఏ పక్కనుంచి?

2006లో ఓ రెండు నెలలు ఒహాయోలో ఒక పెద్ద గోదాములో పడున్నా. మేం రాసిన వేర్‌హౌస్ సాఫ్ట్‌వేరు అక్కడ గో-లైవ్. గో-లైవ్ అంటే ఏవిటో మీకు చెప్పక్కర్లేదు కదా: మూడు పూటలా పిజ్జా, నిద్ర కారులో. మూడో రోజు రాత్రి రెండు ర్యాకుల మధ్య సందులో నిలబడి, చేతిలో స్కానరు పట్టుకుని, "ఈ బిన్ నంబరు ఎందుకు తప్పు చూపిస్తోందిరా బాబూ" అని బుర్ర గోక్కుంటున్నా. ఎవరో వెనకనుంచి జబ్బ పట్టుకుని ఒక్క గుంజు గుంజారు. తూలి పడబోయి, నిలదొక్కుకుని చూస్తే, ఇందాక నేను నిలబడ్డ చోటుని ఫోర్క్‌లిఫ్టు వెనక భాగం ఊడ్చుకుంటూ పోయింది. నా భుజానికీ దానికీ మధ్య జానెడు ఎడం. సుమారు నాలుగు టన్నుల ఇనుము.

షిఫ్టు సూపర్‌వైజరు పరిగెత్తుకొచ్చి అడిగిన మొదటి మాట: "బీప్ వినపడలేదా?"

వినపడింది. అదే కదా గొడవ. మూడు రోజులుగా వినపడుతూనే ఉంది. హోటల్ రూములో పడుకున్నా చెవుల్లో అదే మోత. నన్ను గుంజినవాడు మా టీములోనే ఉన్న గుంటూరు కుర్రాడు. వాడు మాత్రం తాపీగా "గురూగారూ, డిప్లాయ్‌మెంట్ అయ్యాక పోవచ్చుగా" అన్నాడు. ఆ రోజుకి అందరం నవ్వేశాం. తర్వాతి వారం గోదాము వాళ్ళు ఆ బండికి అంతకంటే గట్టిగా అరిచే బీపరు బిగించి, నెత్తిమీద పసుప్పచ్చ గిరగిరా దీపం కూడా పెట్టారు. శబ్దం చాలలేదు కాబట్టి ఇంకొంచెం శబ్దం!

అప్పట్నుంచీ ఈ బీప్ ఎవడు కనిపెట్టాడు, ఎందుకు ఇలాగే ఉంది అన్న కుతూహలం నాకు పట్టుకుంది. దొరికినప్పుడల్లా చదువుతూ వచ్చా. చదివేకొద్దీ కోపం కూడా వచ్చింది. ఎందుకొచ్చిందో చెప్తా.

ఫోర్క్‌లిఫ్టు పుట్టింది ఫ్యాక్టరీ లోపలి అవసరానికి. 1917లో మిషిగన్ రాష్ట్రంలోని బుకానన్‌లో క్లార్క్ కంపెనీ ఇరుసులు తయారుచేసేది. ఫ్యాక్టరీలో సామాన్లు అటూ ఇటూ మోసుకోవడానికి వాళ్ళే ట్రక్‌ట్రాక్టర్ అని ఓ చిన్న బండి కట్టుకున్నారు. చూడ్డానికొచ్చినవాళ్ళు మాక్కూడా ఒకటి కావాలన్నారు, అలా అది వ్యాపారమైంది. నిలువు స్తంభం మీద పైకీ కిందకీ జరిగే ఫోర్కులు 1920ల్లో వచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధంలో పాలెట్లతో పాటు ఇవీ లోకమంతా పాకాయి. ఇక్కడిదాకా మామూలు కథే. మనకి కావలసింది దాని గొంతు కథ.

వెనక్కి వెళ్తున్నప్పుడు మోగే అలారం ఫోర్క్‌లిఫ్టు కోసం పుట్టింది కాదు. జపాన్‌లో మాత్సుసబురో యమగూచి అనే ఆయన దీన్ని కనిపెట్టాడు. యమగూచి ఎలక్ట్రిక్ కంపెనీ 1963లో బీఏ1 అనే మోడల్‌గా తయారుచేయడం మొదలుపెట్టింది. అదే దశకంలో అమెరికాలో ఐడహో రాష్ట్రం బాయ్‌సీ ఊళ్ళో ఎడ్ పీటర్సన్ అనే ఆయన "బ్యాక్-ఎ-లార్మ్" అని ఇంకొకటి తెచ్చాడు. హూవర్ డ్యామ్ కట్టిన కంపెనీల్లో ఒకటైన మోరిసన్-నుడ్సన్‌కి హెడ్డాఫీసు ఆ ఊరే, అంటే మట్టి తవ్వే పెద్దపెద్ద బళ్ళ గురించి బాగా తెలిసిన ఊరన్నమాట. అలాంటి బండిలో కూర్చున్న డ్రైవరుకి వెనకాల ఏవుందో కనపడదు. రోజంతా ముందుకి పోయి, ఎప్పుడో ఓసారి వెనక్కి వస్తుంది. ఆ "ఎప్పుడో ఓసారి" అన్న మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తా దాని దగ్గరికి.

1970 డిసెంబరులో నిక్సన్ సంతకంతో అమెరికాలో కార్మికుల భద్రత చట్టం వచ్చింది, మరుసటేడు ఓషా అనే సంస్థ పని మొదలుపెట్టింది. నిర్మాణ పనుల్లో వాడే వాహనాలకి వాళ్ళు పెట్టిన నిబంధన సారాంశం ఇదీ: వెనక వైపు సరిగా కనపడని బండిని వెనక్కి నడపాలంటే చుట్టుపక్కల మోతని మించి వినపడే అలారం అయినా ఉండాలి, లేదా ఒక మనిషి నిలబడి "రా, రా" అని సైగ చేస్తూనైనా ఉండాలి. మన లారీ క్లీనరు "రైట్ రైట్, పోనీ పోనీ" అంటూ బండి వెనక కొట్టే చప్పుడుంది చూశారూ, సరిగ్గా అదే. అయితే మనిషికి రోజూ జీతం ఇవ్వాలి. బీపరు ఒక్కసారి కొంటే చాలు. కంపెనీలు ఏది ఎంచుకున్నాయో వేరే చెప్పాలా?

ఆ నిబంధనలో ఒక్క మాటే నాకు గుచ్చుకుంటుంది: "మించి వినపడే". వినపడాలి అన్నారు. ఏ పక్కనుంచి వస్తోందో తెలియాలి అని అనలేదు. రిక్వైర్‌మెంట్స్ డాక్యుమెంటులో ఒక వాక్యం తక్కువైతే ఏమవుతుందో మనకంటే బాగా ఎవరికి తెలుసు!

పోనీ ఆ సంగతి అప్పటికి ఎవరికీ తెలియదా అంటే, అదీ కాదు. 1907లోనే లార్డ్ రేలీ రెండు చెవులతో మనం దిక్కు ఎలా పట్టుకుంటామో రాసిపెట్టాడు: బరువైన శబ్దాలైతే రెండు చెవులకీ చేరే సమయంలో తేడాని బట్టి, సన్నటి శబ్దాలైతే తల అడ్డంపడి ఒక చెవికి తగ్గే తీవ్రతని బట్టి. 1936లో హార్వర్డ్‌లో స్టీవెన్స్, న్యూమన్ అనే ఇద్దరు ఇంకో అడుగు ముందుకేశారు. గోడల ప్రతిధ్వని అడ్డురాకుండా బయాలజీ భవనం డాబా ఎక్కి, అక్కడున్న గాలిగూడు మీద ఎత్తైన కుర్చీ వేసి, అందులో మనిషిని కూర్చోబెట్టి, చుట్టూ స్పీకరు తిప్పుతూ "ఎటునుంచి?" అని అడిగారు. తేలిందేమిటంటే, ఒకే స్వరం ఉన్న శబ్దమైతే, ముఖ్యంగా సుమారు 3,000 హెర్ట్జ్ కంటే కింద, ముందునుంచి వచ్చిందో వెనకనుంచి వచ్చిందో జనం తెగ తికమకపడ్డారు. "హిస్స్‌స్" అనే బుసలాంటి శబ్దాన్నీ, టక్కుమనే చప్పుడునీ మాత్రం చక్కగా పట్టుకున్నారు. కారణం మన చెవి డొప్ప. దాని మడతలు ముందు శబ్దాన్నీ వెనక శబ్దాన్నీ వేరువేరుగా మారుస్తాయి. ఆ మార్పు తెలియాలంటే శబ్దంలో చాలా స్వరాలు కలిసి ఉండాలి. పొదల్లో పాము బుసకొడితే ఎటు గెంతాలో మన తాతలకి ఏ పేపరూ చదవకుండానే తెలుసు.

బీపరు ఏవిటి? ఒక్క స్వరం. దాని ముఖ్య స్వరం 700 నుంచి 2,800 హెర్ట్జ్ మధ్య ఉండాలని అమెరికా ఆటోమొబైల్ ఇంజినీర్ల ప్రమాణం. అంటే డాబా మీద మనుషులు ముందూ వెనకా తికమకపడ్డ మేరలోనే, చెప్పి మరీ, పెట్టారు! తక్కువ కరెంటుతో, చవగ్గా, గట్టిగా మోగేది అదే కాబట్టి. డాబా మీద గోడలు లేకపోయినా అలా ఉంటే, ఇనప ర్యాకులూ కాంక్రీటు నేలా రేకు కప్పూ ఉన్న గోదాములో పరిస్థితి ఊహించుకోండి. ఒకే స్వరం అన్ని గోడలకీ కొట్టుకుని తిరిగొచ్చి తనతో తనే కలుస్తుంది. ఒకచోట రెండింతలవుతుంది, రెండడుగులు జరిగితే అణిగిపోతుంది. అందుకే ఆ రాత్రి నాకు బీప్ వినపడింది గానీ బండి "వినపడలేదు".

ఇక ఆ "ఎప్పుడో ఓసారి" సంగతి. ఫోర్క్‌లిఫ్టు మట్టి తవ్వే బండిలాంటిది కాదు. పాలెట్టు దగ్గరికి ముందుకి పోవాలి, ఎత్తుకుని వెనక్కి రావాలి, ఇంకో చోటికి ముందుకి పోవాలి, దించి వెనక్కి రావాలి. దాని బతుకులో దాదాపు సగం వెనక్కే. పైగా బరువు ముందు చూపుకి అడ్డొస్తే బరువుని వెనక పెట్టుకుని నడపాలని ఓషా నిబంధనే చెప్తుంది, అంటే సందంతా వెనక్కే నడిపించుకుపోవాలి. అలాంటి బళ్ళు పన్నెండు ఒకే కప్పు కింద తిరుగుతుంటే, సగటున ఆరు బీపర్లు ఎప్పుడూ మోగుతుంటాయి. ఎప్పుడూ మోగేదాన్ని అలారం అనరు. సీలింగ్ ఫ్యాన్ అంటారు.

(ఈ కారణంగానేనేమో, ఫోర్క్‌లిఫ్టులకి బీపరు తప్పనిసరి అని ఓషా ఎప్పుడూ నియమం పెట్టలేదు. హారను ఉండాలి, అడ్డసందుల దగ్గర నెమ్మదించి హారను కొట్టాలి, వెళ్ళే దిక్కుకే చూస్తూ నడపాలి అంటుంది. తయారీదారు పెట్టి పంపిన అలారాన్ని మాత్రం ఇష్టమొచ్చినట్టు పీకెయ్యకూడదు. కానీ గోదాములవాళ్ళు "ఎందుకైనా మంచిది" అని తామే పెట్టించుకుంటారు. రేపు కోర్టులో "బీపరు ఉందండీ, అతనే వినలేదు" అనొచ్చు కదా.)

నాన్నా పులి కథ మనందరం చిన్నప్పుడు విన్నదే. ఆ కథలో తప్పు ఆ పిల్లాడిది. ఇక్కడ చిత్రం ఏవిటంటే, పిల్లాడు అబద్ధం చెప్పట్లేదు. ప్రతిసారీ పులి నిజంగానే ఉంది, కాకపోతే నాలుగు సందుల అవతల, మన జోలికి రాకుండా. నూటికి తొంభై తొమ్మిది సార్లు మనకి సంబంధం లేని నిజం కూడా అబద్ధంలాగే పనిచేస్తుంది. మీ ఇన్‌బాక్సులో "సీపీయూ 90 శాతం దాటింది" అనే మెయిళ్ళకి రూలు రాసి ఓ ఫోల్డరులోకి తోసెయ్యలేదూ? నేనూ తోశా. ఒకరోజు నిజంగా సర్వరు పడిపోయింది. మెయిలు మాత్రం పద్ధతిగా ఆ ఫోల్డర్లో ఉంది.

ఈ జబ్బు వేరేచోట్ల ముందే బయటపడింది. 1979 మార్చి 28న త్రీ మైల్ ఐలండ్ అణు కేంద్రంలో ప్రమాదం మొదలైన కొద్ది నిమిషాల్లోనే వందకి పైగా అలారాలు ఒకేసారి మోగాయి. ఏది ముఖ్యమో ఏది కాదో ఆపరేటర్లకి అర్థంకాలేదు. విమానాల్లో అయితే పైలట్లు ముందు అలారం నోరు నొక్కి, తర్వాతే సమస్య చూసుకునేవాళ్ళు, అంత భయంకరంగా అరిచేవి. బ్రిటన్ విమానయాన సంస్థ కోసం 1982లో రాయ్ ప్యాటర్సన్ దీనిమీద మార్గదర్శకాలు రాశాడు. ఆయన లెక్క నాకు బాగా నచ్చింది: అలారం ఎంత గట్టిగా ఉండాలంటే, చుట్టూ ఉన్న మోతలో అది వినపడీ వినపడనట్టుండే స్థాయికి 15 నుంచి 25 డెసిబెల్స్ పైన. అంతకంటే తక్కువైతే వినపడదు, ఎక్కువైతే ఆలోచన చెడగొడుతుంది. వెంటనే స్పందించాల్సిన హెచ్చరికల సంఖ్య కూడా అరడజను దాటొద్దన్నాడు.

గోదాముల్లో ఈ మాట విన్నవాళ్ళు తక్కువ. అక్కడ నడిచింది వేలంపాట. ఇందాకటి ఇంజినీర్ల ప్రమాణంలో అలారాలకి ఐదు తరగతులున్నాయి, నాలుగడుగుల దూరంలో కొలిస్తే 77 డెసిబెల్స్ నుంచి 112 దాకా. మోత ఎక్కువైతే పెద్ద తరగతి కొంటారు. దాంతో మోత ఇంకా పెరుగుతుంది. ఎనిమిది గంటల సగటు 85 డెసిబెల్స్ చేరితే పనివాళ్ళ వినికిడిని కాపాడే ఏర్పాట్లు చెయ్యాలి, అంటే చెవుల్లో బిరడాలు. బిరడాలు పెట్టుకున్నాక దిక్కు తెలియడం ఇంకా కష్టం, వినపడడమూ తక్కువే. కాబట్టి ఇంకా పెద్ద బీపరు! ఈ లూపుకి బ్రేక్ కండిషన్ రాయడం మర్చిపోయారు.

బ్రేక్ రాసినవాళ్ళలో ఒకాయన గురించి చెప్పాలి. క్రిస్ హాన్సన్-ఆబట్ అనే ఆంగ్లేయుడు 1976లో జపాన్ బీపర్లని బ్రిటన్‌కి తెచ్చి బ్రిగేడ్ ఎలక్ట్రానిక్స్ కంపెనీ పెట్టాడు. అంటే ఐరోపాకి ఈ బీప్ బీప్ అంటించిన పాపం చాలావరకు ఆయనదే. రాత్రిపూట ఆ మోత భరించలేక ఇళ్ళవాళ్ళు తిట్టని తిట్టు లేదు. ఆయనే 2000 తర్వాత, బీపుకి బదులు "ఖ్‌ష్, ఖ్‌ష్" అని ఇసక విసిరినట్టుండే అలారాన్ని అమ్మడం మొదలుపెట్టాడు. దాన్ని వైట్ సౌండ్ అన్నారు. అన్ని స్వరాలూ కలిసిన బుస, హార్వర్డ్ డాబా మీద జనం సరిగ్గా పట్టుకున్నలాంటిదే. బండి వెనక నిలబడ్డవాడికి స్పష్టంగా దిక్కు తెలుస్తుంది, కాస్త దూరం పోయేసరికి మిగతా మోతలో కలిసిపోతుంది. 2013లో కెనడా పరిశోధకులు మూడు రకాల అలారాల్ని పోల్చి చూశారు. బుస రకం బండి వెనక ఒకే రీతిగా పరుచుకుంటుందనీ, దిక్కు దానితోనే మెరుగ్గా తెలుస్తుందనీ తేల్చారు.

1936కీ 2000లకీ మధ్య ఎన్నేళ్ళు? నా కోపం అక్కడే. అమెరికాలో 1980-94 మధ్య ఫోర్క్‌లిఫ్టుల వల్ల 1,021 మంది చనిపోయారని అక్కడి వృత్తి భద్రత పరిశోధన సంస్థ లెక్క తేల్చింది. వాళ్ళలో 22 శాతం బండి బోల్తాపడి, 20 శాతం నడుస్తున్నవాళ్ళని బండి గుద్ది. ఆ 20 శాతంలో ఎంతమంది బీప్ విని కూడా తప్పువైపుకి జరిగారో ఎవరూ లెక్క కట్టలేదు, కట్టడం కుదరదు కూడా.

దీపాల కథ చిన్నది. నెత్తిమీద తిరిగే పసుప్పచ్చ దీపం ఆరుబయట బాగానే పనిచేస్తుంది. గోదాములో అయితే గోడల మీదా కప్పుమీదా వెలుగు మెరుస్తుంది, బండి ఎక్కడో ఉందని తెలుస్తుంది, అంతే. అసలైన తెలివైన ఆలోచన 2010 తర్వాత వాడుకలోకి వచ్చిన నీలం చుక్క. బండికి నాలుగైదు మీటర్ల ముందో వెనకో నేలమీద నీలం వెలుగు పడుతుంది, బండికంటే ముందు ఆ చుక్క మలుపు తిరుగుతుంది. లిండే లాంటి కంపెనీలు దీన్ని బాగా ప్రచారంలోకి తెచ్చాయి. నాకు దీంట్లో నచ్చిందేమిటంటే, గోదాములో మనిషి తల పైకెత్తి నడవడు. స్కానరు చూస్తూనో, ఫోను చూస్తూనో, తల దించుకుని నడుస్తాడు (నాలాగ). ఆ చూపు పడే చోటికే హెచ్చరికని తీసుకెళ్ళారు. దీనితోపాటు పక్కల ఎర్రగీత ఒకటి. ఫోర్క్‌లిఫ్టు వెనక చక్రాలతో మలుపు తిరుగుతుంది కాబట్టి తోక బయటికి ఊగుతుంది, నాకు జరిగింది అదే. ఆ గీత లోపల నిలబడితే తోక దెబ్బ. ఎండలో ఇవి రెండూ కనపడవు. నేల మరీ నున్నగా మెరిసేదైనా, బండికొక చుక్క పడి నేలంతా నీలం అయిపోయినా, మళ్ళీ సీలింగ్ ఫ్యానే.

అన్నట్టు, హెచ్చరికని వినోదంగా మార్చడంలో మనవాళ్ళని మించినవాళ్ళు లేరు. ఒకప్పుడు మన కాలనీలో ఏ మారుతి కారు వెనక్కి తీసినా ఏదో ఒక ట్యూను మోగేది, పుట్టినరోజు పాట దగ్గర్నుంచి సారే జహాసే అచ్ఛా దాకా. జపాన్‌లో లారీలు అమ్మాయి గొంతుతో "బక్కు షిమాసు", అంటే వెనక్కి వస్తున్నానండీ, అని మర్యాదగా చెప్తాయి. వెనకనున్నవాడికి అర్థమయ్యే మాట అన్నా ఉంది అక్కడ.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మా బావమరిది మేడ్చల్ దగ్గర ఒక గోదాములో ఆపరేషన్స్ చూస్తున్నాడు. మొన్న ఫోన్ చేసి, "బావా, పది బళ్ళకి అలారాలు మార్చాలి. సప్లయరు 112 డెసిబెల్స్‌వి ఇస్తానంటున్నాడు, తీసుకోమంటావా?" అన్నాడు. నేను సాఫ్ట్‌వేరువాణ్ణి, నన్నడుగుతాడేంటి అనుకున్నా గానీ, ఇరవై ఏళ్ళుగా ఈ సోది వింటున్నది వాడొక్కడే మరి. ముందు అలారం సంగతి పక్కనపెట్టి, మనుషులు నడిచే దారికీ బళ్ళ దారికీ మధ్య ఇనప కమ్మీలు వెయ్యగలవా చూడు అన్నా. అది సగం చోట్ల కుదిరింది. తర్వాత, "మీవాణ్ణి ఒకణ్ణి సందు మొదట్లో, కమ్మీల ఇవతల, కళ్ళకి గుడ్డ కట్టి నిలబెట్టు. దూరంగా బండి మోగించి ఎటువైపో వేలు చూపించమను. రెండు రకాలూ శాంపిల్ తెప్పించి చూడు" అన్నా.

వారం తర్వాత ఫోన్ చేశాడు. బీపు రకానికి ఆరుగురిలో నలుగురు ఉల్టా చూపించారట. అందులో ఒకడు పదకొండేళ్ళుగా అక్కడే పనిచేస్తున్నవాడు. "ఇన్నాళ్ళూ ఎలా బతికావురా" అంటే, "చప్పుడు విని కాదు సార్, డ్రైవర్ల మొహాలు చూసి" అన్నాడట.

లోపల తిరిగే ఆరు బళ్ళకి బుస రకం వచ్చాయి. యార్డులో తిరిగే నాలుగింటికి బడ్జెట్టు చాల్లేదు, పాతవే ఉన్నాయి. నీలం దీపాల కొటేషన్ వాళ్ళ ఓనరు బల్లమీదే ఉందట.